జీతము తీసుకొని సాక్ష్యము చెప్పవచ్చునా?

కిందటి సంవత్సరము క్రిస్మసుకు ముందు ఒక ఆదివారము, ఆరాధన ముగిసి అందరూ వెళ్ళిపోతున్న వేళ, మా బరంపురం సంఘములోని ఒక తండ్రి తన కుమార్తెను వెంటబెట్టుకొని మా దగ్గరకు వచ్చాడు. ఆయన రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి. అమ్మాయి జీవావరణ శాస్త్రములో డాక్టరేటు చేసింది. చలికాలములో చిలికా సరస్సు బురద నేలల మీద దిగే వలస పక్షులు ఏమి తింటాయి, నీరు ఎంత లోతున్నప్పుడు తింటాయి అన్నది ఆమె పరిశోధన. అయిదు చలికాలాలు ఆ బురదలో నిలబడి లెక్కపెట్టింది. తరువాత రెండేళ్ళు ఒక కాలేజీలో కాంట్రాక్టు మీద పాఠాలు చెప్పింది. ప్రతి సంవత్సరమూ పదకొండు నెలలు కాగానే ఉద్యోగము ఆగిపోతుంది. మరల దరఖాస్తు, మరల ఇంటర్వ్యూ, మరల ఎదురుచూపు. ఇప్పుడు భువనేశ్వరులో ఒక పర్యావరణ కన్సల్టెన్సీ కంపెనీ ఆమెను పిలిచింది. నెలనెలా జీతము, ప్రావిడెంటు ఫండు అన్నీ ఉన్నాయి.

"మీరైనా చెప్పండి మాస్టారూ, చేరనంటున్నది" అన్నాడు తండ్రి.

అమ్మాయి తల వంచుకొని, అయినా స్పష్టముగానే అన్నది: "నేను చదివింది ఆ పక్షుల కోసం. ఈ కంపెనీకి డబ్బిచ్చేది ఫ్యాక్టరీ కట్టేవాళ్ళు. వాళ్ళ డబ్బు తీసుకొని వాళ్ళ మీద సాక్ష్యం ఎలా చెబుతాను మాస్టారూ?"

"ఆ పక్షులు నీ తమ్ముడి ఫీజు కడతాయా?" అన్నాడు తండ్రి.

మేము ఆ రోజు జవాబు చెప్పలేదు. ఆలోచించుకొని చెబుతామని పంపివేశాము. బళ్ళారిలోనో హోసూరులోనో షోలాపూరులోనో యానాములోనో ఉండి ఈ పత్రిక చదివే కుటుంబాలలోనూ పిల్లలు సైన్సు చదువుతున్నారు. ఈ ప్రశ్న రేపు మీ ఇంటికీ రావచ్చును గనుక మా ఆలోచన ఎలా సాగిందో ఇక్కడ వ్రాస్తున్నాము.

మొదట ఈ ఉద్యోగము ఏమిటో తెలిసికొనవలసి వచ్చింది. మేము టీచర్ ట్రైనింగు చదివిన కాలములో ఇటువంటి పని ఉన్నదని ఎవరికీ తెలియదు. అమెరికాలో 1970 జనవరి 1న ఒక చట్టము మీద సంతకము పడింది. ప్రభుత్వము పెద్ద పని ఏదైనా తలపెట్టే ముందు దాని వలన గాలికి, నీటికి, ప్రాణులకు ఏమి జరుగుతుందో వ్రాతపూర్వకముగా చెప్పాలన్నది దాని సారాంశము. ఆ నివేదికలు వ్రాయడానికి మనుష్యులు కావలసి వచ్చారు. విశ్వవిద్యాలయములో తప్ప బ్రతుకు లేదనుకున్న జీవావరణ శాస్త్రజ్ఞులకు అక్కడ మరొక ద్వారము తెరుచుకున్నది. మన దేశములో 1994 జనవరి 27న ఇటువంటి నియమము నోటిఫికేషనుగా వచ్చింది. దాని స్థానములో 2006 సెప్టెంబరు 14న మరొకటి వచ్చింది. గని, ఓడరేవు, విద్యుత్ కేంద్రము వంటివి పెట్టదలచినవారు పర్యావరణ ప్రభావ అంచనా నివేదిక తయారు చేయించాలి. దాని సారాంశము స్థానిక భాషలో ప్రజలకు అందాలి. ఆ మీద ప్రజాభిప్రాయ సేకరణ సభ జరగాలి. ఆ నివేదికను వ్రాసేది కన్సల్టెంటు. అతనికి గుర్తింపు ఇచ్చేది క్వాలిటీ కౌన్సిల్‌కు చెందిన ఒక బోర్డు. గాలికి ఒకరు, నీటికి ఒకరు, శబ్దానికి ఒకరు, ప్రాణులకు, మొక్కలకు ఒకరు, ఇలా ఒక్కొక్క అంశానికి ఒక్కొక్క నిపుణుడు సంతకము చేయాలి. మన అమ్మాయిని పిలిచింది ఆ ప్రాణుల సంతకము కొరకు.

ఇంతవరకు బాగానే ఉన్నది. అయితే కన్సల్టెంటును ఎన్నుకొనేదీ, అతనికి డబ్బు ఇచ్చేదీ ప్రాజెక్టు కట్టేవాడే. పరీక్ష వ్రాసే విద్యార్థి పేపరు దిద్దే మాస్టారుకు తానే జీతమిచ్చినట్టు ఉన్నది ఈ ఏర్పాటు. ఆ మాస్టారు ఎంత మంచివాడైనా మార్కుల పట్టిక చూసినవాడు ఒకసారి నవ్వుకుంటాడు.

నవ్వుకోవడానికి కారణాలూ ఉన్నవి. మహారాష్ట్రలోని రత్నగిరి జిల్లాలో ఒక బాక్సైట్ గని కొరకు తయారైన నివేదికలో, రష్యాలోని మరొక బాక్సైట్ గని నివేదిక నుండి ఎత్తి వ్రాసిన సంగతులు బయటపడ్డాయి. కొంకణము ఎక్కడ, రష్యా ఎక్కడ! కాపీ కొట్టిన పిల్లవాడు పక్కవాడి పేరు కూడా వ్రాసివేసినట్టు ఉన్నది. మనకు దగ్గరలో సోంపేట సంగతి నవ్వుకొనేది కాదు. శ్రీకాకుళం జిల్లాలో ఆ ఊళ్ళవారు బీల అని పిలిచే తడినేల ఉన్నది. చేపలు, మేత, సాగునీరు అన్నీ వాళ్ళకు ఆ బీలే. బొగ్గు విద్యుత్ కేంద్రానికి కేటాయించేటప్పుడు కాగితాలలో అది పనికిరాని నేల అయిపోయింది. 2010 జులై 14న అక్కడ పోలీసు కాల్పులలో మనుష్యుల ప్రాణాలు పోయాయి. అదే రోజు ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టు అనుమతిని రద్దు చేసింది. ఆ తీర్పు ఒక నెల ముందు వచ్చి ఉంటే అని మేము ఇప్పటికీ అనుకుంటాము. తీర్పు దాకా పోకుండానే, మొదటి కాగితములో ఎవరో ఒకరు "ఇది తడినేల, ఇక్కడ ఇన్ని పక్షులు, ఇన్ని చేపలు, ఇంతమంది బ్రతుకు" అని గట్టిగా వ్రాసి ఉంటే అని కూడా అనుకుంటాము.

ఆ వ్రాయవలసినవారు ఎవరు? మన అమ్మాయి వంటివారే. మంచివారందరూ చేతులు కడుక్కొని కాలేజీలోనే ఉండిపోతే ఆ సంతకము రష్యా కాగితాలు ఎత్తి వ్రాసేవాడి చేతికి పోతుంది. తండ్రి వాదములో అతనికే తెలియని ఈ బలము ఉన్నది.

అయితే అమ్మాయి వాదము అంతటితో ఓడిపోదు. ఒడిశాలోనే భద్రక్ జిల్లాలో ధామ్రా ఓడరేవు ఉన్నది. టాటా స్టీలు, ఎల్ అండ్ టి కలిసి కట్టించినది, 2011లో పని మొదలుపెట్టినది. దానికి ఎంతో దూరము కాని గహిర్మాతా తీరములో ఆలివ్ రిడ్లే సముద్రపు తాబేళ్ళు గుంపులు గుంపులుగా వచ్చి గ్రుడ్లు పెడతాయి. ఆ సముద్రాన్ని 1997లో అభయారణ్యముగా ప్రకటించారు. ఓడరేవు కట్టేటప్పుడు, ప్రపంచములో ప్రకృతి పరిరక్షణకు పేరుపొందిన ఐయూసీఎన్ సంస్థ ఆ కంపెనీకి సలహాదారుగా ఒప్పుకున్నది. దాని మీద మన దేశపు తాబేళ్ళ శాస్త్రజ్ఞులు రెండుగా చీలిపోయారు. రేవు ఎలాగూ వస్తున్నది గనుక తాబేళ్ళను కాపాడే మార్గము చెప్పడమే మేలు అన్నారు కొందరు. వారి పక్షాన ఫలితాలూ ఉన్నవి. సముద్రపు అడుగు తవ్వే డ్రెడ్జరు నోటికి తాబేళ్ళను పక్కకు నెట్టే అమరిక పెట్టారు. గ్రుడ్డు నుండి బయటపడిన పిల్ల తాబేలు వెలుగు ఉన్న వైపుకు పాకుతుంది గనుక, సముద్రము బదులు రేవు దీపాల వైపు పోకుండా దీపాలకు కప్పులు వేసే ఏర్పాటు చేశారు. మరికొందరు, కంపెనీ డబ్బు తీసుకొని సలహా ఇస్తే మీ మంచి పేరే ఆ రేవుకు సున్నము వేసి తెల్లగా చేస్తుంది, ముందు పూర్తి అధ్యయనము చేయించండి అన్నారు. ఇరువైపులా ఉన్నది తాబేళ్ళను ప్రేమించినవారే. అందువలననే ఆ తగవు చదివితే మనసుకు కష్టము కలుగుతుంది.

మేము చాలా రోజులు ఈ రెండు మాటల నడుమ ఊగిసలాడాము. చివరకు మాకు తోచినది ఇది. దీపానికి కప్పు వేయడము మంచిపనే, తాబేలు పిల్లకు అది జీవన్మరణ సమస్య. అయితే ఆ సలహాదారు వచ్చేసరికి స్థలము నిర్ణయమైపోయింది. "ఇక్కడ వద్దు" అనే మాట అతని నోటి నుండి ముందే తీసివేయబడింది. మిగిలినది ఎలా కట్టాలన్నది మాత్రమే. కాబట్టి జీతము ఎవరిచ్చారన్నది మొదటి ప్రశ్న కాదేమో. "వద్దు" అని చెప్పే స్వేచ్ఛ ఆ జీతముతో పాటు ఇచ్చారా, లేక కొనివేశారా అన్నది మొదటి ప్రశ్న. మన పాఠకులకు బిలాము కథ చెప్పనక్కరలేదు. బాలాకు రాజు కూలి ఇస్తానని పిలిస్తే వెళ్ళినవాడే, అయినా శపించమన్నచోట దీవించాడు. అంతటితో కథ ముగిసి ఉంటే కన్సల్టెంటులందరికీ అతడే ఆదర్శము. కాని అదే గ్రంథము తరువాత అతన్ని కూలిని ప్రేమించినవాడని నిందిస్తుంది. ఒకనాడు నిజము చెప్పిన మనిషికే అది ఎందుకు జరిగిందో మేము పలుమార్లు ఆలోచించాము.

ఇక్కడ మా సంగతి ఒకటి చెప్పక తప్పదు. కాలేజీ ఉద్యోగము శుద్ధమైనది, కంపెనీ ఉద్యోగము మురికిది అని అమ్మాయి అనుకుంటున్నది. మేము ముప్పది మూడు సంవత్సరాలు బడిలో పనిచేశాము. ఏ కంపెనీ రూపాయీ మా చేతికి రాలేదు. అయినా మేము అబద్ధపు కాగితము వ్రాశాము.

అది గంజాం జిల్లాలో ఒక తెలుగు మీడియము బడి. పిల్లలు తగ్గిపోతున్నారు. ఆ సంవత్సరము మా తరగతిలో నిజముగా వచ్చేవారు పద్నాలుగు మంది. సంఖ్య పెరగకపోతే తెలుగు సెక్షను ఎత్తివేస్తారని తెలిసింది. పెద్దవారు ఒకరు మమ్ములను పిలిచి "మన భాష కోసం మాస్టారూ" అన్నారు. మేము రిజిస్టరులో ఇరవై మూడు మందిని వ్రాశాము. ఆ తొమ్మిది పేర్లు కల్పించినవి కావు. పల్లెలోని పిల్లలవే, బడికి రానివారివి. రోజూ ఉదయము హాజరు పిలిచేటప్పుడు ఆ తొమ్మిది పేర్లు పలకకుండానే గీతలు గీసేవారము. సెక్షను మూడేళ్ళు నిలిచింది. అందరూ సంతోషించారు, మేమూ సంతోషించాము.

రెండవ సంవత్సరము బడికి రాని పిల్లల జాబితా తయారు చేయడానికి మనుష్యులు వచ్చారు. ఇల్లిల్లూ తిరిగి పని చేస్తున్న పిల్లలను గుర్తించి బడిలో చేర్పించే కార్యక్రమము. ఆ తొమ్మిది మందిలో ఇద్దరు అక్కచెల్లెళ్ళు జీడిపప్పు ఫ్యాక్టరీలో కాయలు ఒలుస్తున్నారు. జీడి రసముతో వాళ్ళ వేళ్ళు నల్లబడి ఉండేవి. వచ్చినవారు మా రిజిస్టరు చూశారు. ఆ ఇద్దరూ బడిలోనే ఉన్నారు, హాజరు కూడా బాగున్నది. వారి పేర్లు జాబితాలోకి ఎక్కలేదు. వారిని పిలవడానికి ఎవరూ వెళ్ళలేదు. మేము అక్కడే నిలబడి ఉన్నాము, నోరు విప్పలేదు.

భాషను కాపాడుతున్నామనుకుంటూ మేము ఆ భాష మాట్లాడే ఇద్దరు పిల్లలను కాగితము కింద పాతిపెట్టాము. డబ్బు ముట్టలేదు గదా అని చాలా కాలము మమ్ములను మేము సమర్థించుకున్నాము. ఇప్పుడు ఆ సమర్థన కుదరదు. లెక్కపెట్టేవాడు తప్పు లెక్క వ్రాస్తే, ఆ లెక్కను నమ్ముకొనవలసినవాడే మునిగిపోతాడు. పక్షి ఉన్నచోట లేదని వ్రాసినా, పిల్ల లేనిచోట ఉన్నదని వ్రాసినా జరిగేది ఒక్కటే.

కాబట్టి కాలేజీ గోడలు మనిషిని కాపాడతాయని మేము ఆ అమ్మాయికి చెప్పలేకపోయాము. పరిశోధన విద్యార్థికి 2023 నుండి జాతీయ ఫెలోషిప్పు నెలకు 37,000 రూపాయలు. అది మంచి మొత్తమే, కాని కొన్ని సంవత్సరాలు మాత్రమే. ఆ తరువాత పర్మనెంటు పోస్టు కొరకు పదేళ్ళు ఎదురుచూసేవాడు ఎవరినీ నొప్పించకుండా బ్రతకడము నేర్చుకుంటాడు. అదీ ఒక రకపు జీతమే. పైగా విశ్వవిద్యాలయాలు కూడా ఈ ప్రభావ అంచనా నివేదికలు తయారు చేసి ఫీజు తీసుకుంటాయి. గోడకు అటు ఇటు ఉన్న నేల ఒక్కటే.

జనవరిలో అమ్మాయిని, తండ్రిని ఇంటికి పిలిచాము. "చేరు తల్లీ" అన్నాము. తండ్రి ముఖము వెలిగింది. తరువాతి మాటకు ఆ వెలుగు కొంచెము తగ్గింది. మొదటి ఆరు నెలల జీతములో తిండికి, గది అద్దెకు పోగా మిగిలినది ఇంటికి పంపవద్దు, విడిగా బ్యాంకులో వేసుకో అన్నాము. అది పెళ్ళికీ కాదు, తమ్ముడి ఫీజుకూ కాదు. ఏదో ఒక రోజు ఒక కాగితము మీద సంతకము చేయనని చెప్పవలసి వస్తుంది. మరునాడు ఉద్యోగము ఉండకపోవచ్చును. ఆ రోజు ఇంటి అద్దె గుర్తుకు వస్తే చెయ్యి దానంతట అదే సంతకము చేస్తుంది. మాకు ఆ రోజుల్లో అటువంటి డబ్బు లేదు, నలుగురు పిల్లలు ఉన్నారు. ఇది సాకుగా చెప్పడము లేదు, అనుభవముగా చెబుతున్నాము.

ఇంకొక మాట కూడా చెప్పాము. నీ కాళ్ళు తిరగని నేల గురించి ఒక్క వాక్యము కూడా వ్రాయవద్దు. ఎన్ని రోజులు తిరిగావు, ఏ నెలలో తిరిగావు అన్నది నివేదికలో తప్పక వ్రాయి. దానికి అమ్మాయి నవ్వి, "మాస్టారూ, అసలు మోసమంతా అక్కడే ఉంటుంది" అన్నది. చాలా ప్రాజెక్టులకు వానాకాలము కాని ఒక్క ఋతువులో లెక్కపెడితే చాలునట. వేసవిలో లెక్కపెడితే వలస పక్షి ఉండదు. కప్ప మట్టిలో దాగి ఉంటుంది. ఉన్నవి కనబడలేదని వ్రాస్తే అబద్ధమూ కాదు, నిజమూ కాదు. తండ్రి అంతసేపూ టీ కప్పు పట్టుకొని కూర్చున్నాడు. చివరకు "ఆరు నెలలంటే చాలా ఎక్కువ మాస్టారూ, మూడు చేయండి" అన్నాడు. మేము బేరమాడలేదు. అమ్మాయే "ఆరు నాన్నా" అన్నది.

ఆమె ఫిబ్రవరిలో చేరింది. ఇప్పటికి ఒకసారి గొడవ పడిందనీ, ఒకసారి సర్దుకున్నదనీ చెప్పింది. ఆ సర్దుకున్న సంగతి ఏమిటో మేము అడగలేదు.

ఈలోగా మా జిల్లా తీరములోనే ఒక ప్రాజెక్టుకు ప్రజాభిప్రాయ సేకరణ సభ పెట్టారు. అక్కడి జాలరులు మన తెలుగువారే, తరతరాలుగా ఆ ఇసుక మీదే ఉన్నారు. నివేదిక సారాంశము ఒడియాలో వచ్చింది. స్థానిక భాష అంటే చట్టానికి ఒడియాయే గదా. పిల్లలు ఒడియా చదవగలరు, కాని ఆ కాగితములోని ఆఫీసు ఒడియా వారికి కొరుకుడు పడలేదు. 2020లో కేంద్రము కొత్త ముసాయిదా నోటిఫికేషను తెచ్చినప్పుడు, దానిని ఎనిమిదవ షెడ్యూలులోని ఇరవై రెండు భాషలలో ఇవ్వమని ఢిల్లీ హైకోర్టు చెప్పవలసి వచ్చింది. పొరుగు రాష్ట్రములో స్థిరపడినవారి కష్టము మన పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. ఊరివారు కబురు చేస్తే వెళ్ళి, వలలు ఆరబెట్టే చోట కూర్చొని ఆ కాగితాన్ని తెలుగులో చదివి వినిపించాము. అది మన అమ్మాయి కంపెనీ వ్రాసినది కాదు, మరొకరిది. తీరములో ఫలానా ప్రాణులు ఉన్నవి, ఫలానావి లేవు అని పట్టిక ఉన్నది. తాబేళ్ళు "లేవు" వైపు ఉన్నవి. వింటున్న ముసలమ్మ ఒకతె "ఎవరికి లేవయ్యా?" అన్నది.

రాత్రి అమ్మాయికి ఫోను చేసి ఏమి అడగాలి అన్నాము. "ఇంకేమీ వద్దు మాస్టారూ. ఏ నెలలో, ఎన్ని రోజులు చూశారో అడగమనండి" అన్నది.

సభ రోజు వేదిక మీద అధికారులు, కాలుష్య నియంత్రణ మండలివారు, కంపెనీవారు కూర్చున్నారు. చివరి కుర్చీలో కన్సల్టెంటు తరపు కుర్రవాడు ఉన్నాడు. ఆ ముసలమ్మే లేచి అడిగింది. మేము పక్కన నిలబడి ఆమె మాటను ఒడియాలో చెప్పాము. మినిట్సు వ్రాసేవాడు ప్రశ్న వ్రాసుకున్నాడు. కుర్రవాడు కాగితాలు తిరగేశాడు. మన అమ్మాయి వయసే ఉంటుంది, చొక్కా చేతులు ముంజేతుల వరకు మడిచి ఉన్నవి, ఆ కింద చేతులు ఎండకు కమిలి నల్లబడి ఉన్నవి. తిరిగినవాడే. కంపెనీ అధికారి అతని చెవిలో ఏదో అన్నాడు. కుర్రవాడు మైకు దగ్గరకు లాగుకొని, "మే నెలలో, నాలుగు రోజులు" అన్నాడు. అధికారి తల తిప్పి అతని వైపు చూశాడు. అతడు కాగితాల వైపు చూస్తూ, "తాబేళ్ళ కాలము అప్పటికి అయిపోయింది" అని కూడా అన్నాడు.